రోహిణి నీళ్లు, కొల్లేటి నీళ్లు



సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి అని బడిలో చెప్పారు మనకు. బాబాసాహెబ్ ఆ కథ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ముసలితనాన్నీ చావునూ చూడని మనిషి ఉంటాడా అని అడిగారు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో ఆయన చెప్పిన కారణం వేరు. అది నీళ్ల తగువు. శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణి నది ఉంది. ముందు ఎవరి పొలం తడవాలని రెండు వైపుల పనివాళ్లూ కొట్టుకున్నారు. సేనాపతి యుద్ధం అన్నాడు. సిద్ధార్థుడు వద్దన్నాడు. మన వాళ్లు ఇద్దరు, వాళ్ల వాళ్లు ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న ఐదో మనిషి ఒకరు, ఈ ఐదుగురూ కూర్చుని తగువు తేల్చాలన్నాడు. సంఘంలో ఓట్లు వేస్తే ఆయన మాట ఓడిపోయింది.

ఆ ఐదుగురి సంగతి మనసులో పెట్టుకోండి. ఈ పాఠం కొల్లేరు గురించి.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉండే పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు తెచ్చే నీళ్లు ఇందులో చేరతాయి. బయటికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే, అది సముద్రంలో కలుస్తుంది. 1999లో ప్రభుత్వం 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అరణ్యం ఎక్కడుందని అడక్కండి, ఉన్నదంతా నీళ్లూ కిక్కిసగడ్డీ, అయినా చట్టంలో పేరు అదే. 2002లో అంతర్జాతీయంగా కాపాడవలసిన చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత దాకా అభయారణ్యం హద్దు. దీన్నే అక్కడివాళ్లు ‘ప్లస్ ఫైవ్ కాంటూరు’ అంటారు. కొల్లేటి ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట ఇది. బతుకూ తగువూ అంతా ఈ గీత చుట్టూనే మరి.

ఈ గీత లోపల చేపల చెరువులు ఎలా వచ్చాయి? ఇది మనవాళ్లు తెలుసుకుని తీరాలి. 1970లలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి మత్స్యకారులకూ దళితులకూ చెరువులు ఇచ్చింది. పేదలకు మేలు చేసే పనే. కానీ చెరువు నడపాలంటే గట్టు పొయ్యాలి, పిల్ల వెయ్యాలి, మేత కొనాలి. చేతిలో డబ్బు లేనివాడు ఏం చేస్తాడు? లీజుకిచ్చాడు. కాగితం మీద పేరు సొసైటీది, చెరువు మాత్రం బయట నుంచి వచ్చిన పెట్టుబడిదారుది. ఏడాదికింత అని లీజు డబ్బు చేతిలో పెడతారు, తన చెరువు గట్టు మీదే తనకు కాపలా కూలి ఇస్తారు. ఆ లీజుల లాభం చూసి సర్కారు భూమిలోనూ జిరాయితీలోనూ గట్లు లేచాయి. సరస్సు గళ్లు గళ్లుగా తెగిపోయింది.

గట్టు అడ్డం వస్తే నీరు పరుచుకోదు, వరదొస్తే పై ఊళ్లు మునుగుతాయి. చెరువుల్లో వేసిన ఎరువూ మందులూ సరస్సులోకి దిగుతాయి. ఆ మురుగు తిని గుర్రపుడెక్క పెరుగుతుంది. కొర్రమీను, వాలుగ, జెల్ల గుడ్లు పెట్టే చోటు పోతుంది. అవి లేకపోతే వలా మావూ తప్ప వేరే ఆస్తి లేని వడ్డి కులస్తుడి పొయ్యి వెలగదు. వేసవిలో సరస్సు మట్టం తగ్గితే ఉప్పుటేటి వెంట ఉప్పునీరు వెనక్కి వస్తుంది. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అనే ప్రతీత్య సముత్పాదం అర్థం కావడం లేదనేవాళ్లకు నేను కొల్లేరు మ్యాపు చూపిస్తాను.

2006లో సుప్రీంకోర్టు కమిటీ చెప్పడంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. యంత్రాలు పెట్టి, పేలుడు మందు పెట్టి గట్లు కొట్టేశారు. వేల ఎకరాల చెరువులు పోయాయి. కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి! ఎందుకంటే పగలగొట్టడానికి ఆర్డరు ఉంది గానీ, ఆ మర్నాటి నుంచి పదేళ్లపాటు ఏం చెయ్యాలో ప్రణాళిక లేదు. పెట్టుబడిదారుడు ఇంకో చోట చెరువు చూసుకున్నాడు. లీజు డబ్బు, కాపలా కూలి రెండూ పోయినవాడు వీధిన పడ్డాడు. మళ్లీ గట్టు పోస్తామని ఎవరైనా వస్తే అతను ఎందుకు కాదంటాడు?

తర్వాత రాజకీయం ఇంకో దారి పట్టింది. హద్దును ఐదు అడుగుల నుంచి మూడడుగులకు దించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఆ కమిటీ మాటే సరైందని నా అభిప్రాయం. కొల్లేరు వంటి పల్లపు నేలలో రెండడుగులు అంటే చిన్న మాట కాదు, అభయారణ్యంలో సగానికి పైగా పోతుంది. పేదల కోసమే దించుతున్నాం అంటారు. దించితే ఆ భూమి ఎవరి చేతికి వెళ్తుందో 1970ల చెరువులు చూపించాయి కదా. హద్దు దించకుండా, హద్దు లోపల జిరాయితీ ఉన్న చిన్న రైతుకు పరిహారం ఇవ్వాలి. సొసైటీ సభ్యుడికి వేరే బతుకు చూపాలి. ఈ రెండూ ముందు జరగాలి, గట్లు కొట్టడం తర్వాత.

ఇవన్నీ రాసుకునే చోటు ఒకటుంది. ప్రతి అభయారణ్యానికీ నిర్వహణ ప్రణాళిక ఉంటుంది. మామూలుగా పదేళ్లకు రాస్తారు. అంటే రెండు ఎన్నికలు దాటి నడవాల్సిన కాగితం. ఏ నెలలో నీటి మట్టం ఎంత ఉండాలి, ఉప్పుటేటి పూడిక ఎప్పుడు తియ్యాలి, పట్టణాల మురుగు శుద్ధి కాకుండా డ్రెయిన్లలోకి రాకుండా ఎవరు చూడాలి, వేట ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ వద్దు, ఇవన్నీ అందులో ఉండాల్సినవి. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు పెడుతున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. కానీ స్టాండ్లు పాతడం ఒక ఏడాది బడ్జెట్ పని. చెట్టు నాటి అది గూడు మొయ్యగలిగేదాకా చూసుకోవడమే ప్రణాళిక.

అశోకుడు తన ఐదో స్తంభ శాసనంలో చంపకూడని పక్షుల, జంతువుల పేర్లు ఒక్కొక్కటే రాయించాడు. చేపలు పట్టకూడని రోజులు కూడా చెప్పాడు. ‘జీవుల మీద దయ చూపండి’ అని ఊరికే వదిలెయ్యలేదు, ఏ జీవి, ఏ రోజు అని పేరుపేరునా రాశాడు. కొల్లేటి ప్రణాళిక కూడా అలా ఉండాలి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపమంటే, ఆ రోజుల్లో మత్స్యకారుడి ఇంటికి ఏం ఇస్తారో అదే పేజీలో, దాని పక్కనే రాసి ఉండాలి.

2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట్ల గ్రామసభను సంప్రదించే ప్రణాళిక తయారు చెయ్యాలని అందులో ఉంది. కొల్లేటి ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. పిలుపు దానంతట అదే వస్తుందని కూర్చోకండి. రోహిణి దగ్గర సిద్ధార్థుడు అడిగిన ఐదుగురిలో రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. ఇక్కడ ప్రణాళిక రాసే గదిలో అధికారులుంటారు, నిపుణులుంటారు, చెరువుల యజమానుల మాట ఎలాగూ చేరుతుంది. లంక గ్రామాల దళితవాడ నుంచి, వడ్డి కులస్తుల నుంచి ఎవరున్నారు?

కొల్లేరు మా ఊరికి దూరం అనుకునే విజయవాడ బంధువులకూ ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది గుర్తుందిగా? డైవర్షన్ కాలువ గట్లు తెగి వచ్చిన వరద అది. ఆ బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేటికే. కింద సరస్సు పరుచుకోవడానికి చోటు లేకపోతే పై నీరు ఎక్కడికి పోతుంది?

ఈ నెల విహారంలో వందన అయ్యాక ఈ పాఠం చదివి మాట్లాడుకోండి. ఏలూరు, కైకలూరు వైపు ఉపాసక ఉపాసికలు రెండు దరఖాస్తులు పెట్టండి. ఒకటి అటవీశాఖకు, ఇప్పుడు అమలులో ఉన్న నిర్వహణ ప్రణాళిక కాపీ ఇవ్వమని సమాచార హక్కు కింద. రెండోది మత్స్యశాఖకు, మీ ఊరి సొసైటీ సభ్యుల జాబితా ఇవ్వమని. ఆ జాబితాలో మీ తాత పేరు ఉండొచ్చు.