గోధుమ సరిపడని బిడ్డలు

రొట్టె బలకరమైన యాహారమని మనమెల్లరము నమ్ముదుము. కాని సీలియాక్ వ్యాధి గలవారికి అదియే హానికరము. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. దానిని భుజించినప్పుడు, దేహమును కాపాడవలసిన శక్తియే వీరి చిన్నప్రేగు లోపలి పొరను చెఱచును. అందుచే తిన్నది వంటబట్టదు, విరేచనములు, రక్తహీనత కలుగును, బిడ్డలు ఎదుగరు.

1888 సంవత్సరమున సామ్యూల్ గీ అను ఆంగ్ల వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించి, పథ్యమే చికిత్స యని చెప్పెను. అయినను పలుచగా కోసి కాల్చిన రొట్టెను ఆయన యనుమతించెను! గోధుమయే కారణమని హాలెండు వైద్యుడగు విల్లెం డికె 1950లో తన సిద్ధాంతగ్రంథమున చూపెను.

రక్తపరీక్షచేతను, చిన్నప్రేగునుండి తీసిన తునకను పరీక్షించుటచేతను వ్యాధిని నిర్ణయింతురు. పరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానినచో నిజము బయటపడకపోవచ్చును.

నిర్ణయమైన పిదప జీవితాంతము పథ్యమే మందు. వరి, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న తినవచ్చును. కాని గోధుమ విసరిన మరలో ఆడించిన రాగిపిండి తగదు. ఉప్మారవ్వ, బిస్కత్తులే గాక, అంగడి యింగువలోను గోధుమపిండి కలియుట కలదు.

బాలబాలికలారా, అట్టి స్నేహితుని "కొంచెము తిన్న నేమి?" అని బలవంతపెట్టకుడు. ప్రభురాత్రి భోజనపు రొట్టెముక్కయు వానికి హానియే. సంఘపెద్దలు వేఱు రొట్టెను, వేఱు పళ్లెములో, సిద్ధపరుపవలెను. భోజనము నిమిత్తము సహోదరుని నొప్పింపవలదని పౌలు రోమీయులకు బోధించెను గదా!