వేపగింజ - చేనుకు కాపలా

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లు హైదరాబాదుకు దగ్గర. ఇక్కడ పండిన టమాట, వంకాయ, ఆకుకూరలు తెల్లారేసరికి పట్నం చేరతాయి. కొత్త ఇండ్లు లేచి పొలాలు తగ్గాయి. అయినా కూరగాయల సాగు పోలేదు.

తెలంగాణలో ఆలుగడ్డ ఎక్కువగా జహీరాబాద్ వైపు పండుతుంది. టమాట, వంకాయ, మిరప దానికి చుట్టాలే. నాలుగూ ఒకే కుటుంబం మొక్కలు. పేనుబంక, తెల్లదోమ, పొగాకు లద్దెపురుగు వీటన్నిటికీ పడతాయి. అందుకే ఈ పాఠం కూరగాయలు పండించే వారందరికీ పనికొస్తుంది.

మందు డబ్బాతో ఏమవుతుంది?

పురుగు కనబడగానే రైతు దుకాణానికి పోతాడు. పైసలు లేకుంటే మందు ఉద్దెర తెస్తాడు. మందు కొట్టేటప్పుడు కండ్లు మండుతాయి. తల తిరుగుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. చేనులో పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా చస్తాయి. కాపలా పోయిన చేనులో పురుగు మళ్లీ పెరుగుతుంది. మళ్లీ మందు. మళ్లీ అప్పు.

వేపగింజలో ఏముంది?

వేపపప్పులో అజాడిరక్టిన్ అనే చేదు పదార్థం ఉంది. అది తగిలిన ఆకును పురుగు సరిగా తినదు. పురుగు పెరగాలంటే పాత చర్మం విడవాలి. ఈ చేదు పడితే అది విడవలేక చస్తుంది. అయితే వెంటనే చావదు. కొన్ని రోజులు ఓపిక పట్టాలి. చిన్న పురుగుల మీదే ఇది బాగా పనిచేస్తుంది. పెద్ద లద్దెపురుగులను చేతితో ఏరాలి.

ముందుచూపు కావాలి

ఆలుగడ్డను అక్టోబరు, నవంబరులో వేస్తారు. వేపపండ్లు రాలేది జూన్, జూలైలో. పురుగు పడ్డాక గింజలకు తిరిగితే ఎక్కడ దొరుకుతాయి? పండ్లు రాలినప్పుడే ఏరాలి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో దాచాలి. బూజు పట్టిన గింజ పనికిరాదు.

కషాయం చేసే తీరు

1. గింజల పెంకు తీసి పప్పును పొడి చేయాలి.
2. 5 కిలోల పొడిని బట్టలో మూటకట్టాలి. 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి.
3. మరునాడు మూటను బాగా పిండి, నీళ్లు వడగట్టాలి.
4. 100 గ్రాముల సబ్బుపొడి కలపాలి. మొత్తం 100 లీటర్లు అయ్యేటట్టు నీళ్లు పోయాలి.
5. ఆ సాయంత్రమే చల్లాలి. ఎండకు దాని బలం తగ్గుతుంది. ఆకుల అడుగు భాగం కూడా తడవాలి.

గుర్తుంచుకోండి

చేను గట్ల మీద ఆముదం వేయండి. లద్దెపురుగు తల్లి ఆ ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచి నాశనం చేయండి.

ఆలుగడ్డ దుంపలు బయటపడకుండా మట్టి ఎగదోయండి. బయటపడ్డ దుంపల మీద చిలుక గుడ్లు పెడుతుంది. దాని పురుగు దుంపను తొలుస్తుంది.

చెట్టు మందులన్నీ మంచివి కావు. పొగాకు కషాయం మనిషికీ విషమే.

వేప కషాయం పురుగుకే. ఆకుమాడు తెగులు వస్తే వ్యవసాయ అధికారిని అడగండి.

పునుకుల చూపిన దారి

పునుకుల ఊరు ఒకప్పటి ఖమ్మం జిల్లాలో, పాల్వంచ దగ్గర ఉంది. అక్కడి పత్తి రైతులు మందుల అప్పుల్లో మునిగారు. కొందరు ముందుగా వేప కషాయం మొదలుపెట్టారు. వారిని చూసి మిగిలినవారు కలిశారు. మహిళా సంఘాలు ముందు నిలిచాయి. 2003లో ఆ ఊరు పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది. ఒక్క చేనులో మందు మానితే సరిపోదు. పక్క చేను కూడా మానాలి. పునుకుల నేర్పింది అదే.

చదివి చెప్పండి

1. వేపపండ్లు ఏ నెలల్లో ఏరాలి?
2. కషాయాన్ని సాయంత్రం ఎందుకు చల్లాలి?
3. 100 లీటర్లకు 5 కిలోల పొడి కావాలి. 20 లీటర్లకు ఎన్ని కిలోలు?
4. మీ ఊళ్లో వేపచెట్లు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.