ఉత్తేజపరిచే మందుతో కుదురెలా వస్తుంది?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ అని మిథైల్‌ఫెనిడేట్ రాశారు. అసలే నిలకడలేని పిల్లాడికి ఉత్తేజపరిచే మందేమిటి? మెదడు మొద్దుబారదా?

జవాబు: ఈ మందు మెదడును జోకొట్టదమ్మా. నాడీకణం తాను వదిలిన డోపమైన్, నార్‌ఎడ్రినలిన్‌లను వెంటనే వెనక్కి లాక్కోకుండా ఈ మందు అడ్డుపడుతుంది. దాంతో నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో, లోపలి స్ట్రయేటమ్‌లో సంకేతాలు బలపడతాయి. లెక్క మధ్యలో వీధిలో ఐస్‌క్రీం బండి గంట వినగానే లేచి పరుగెత్తే పిల్లాడు, గంట విన్నా పెన్సిల్ వదలకుండా ఉండాలంటే కావలసింది ఆ పట్టే. పరధ్యానంతో ముడిపడిన ‘డిఫాల్ట్ మోడ్’ వలయం, మందు వేసుకున్న పిల్లల్లో పని చేసేటప్పుడు సద్దుమణుగుతున్నట్టు ఎంఆర్ఐ అధ్యయనాల్లోనూ కనిపించింది.

‘మందు పనిచేసింది, కాబట్టి జబ్బు ఉన్నట్టే’ అంటారు కొందరు. ఆ వాదన చెల్లదు. 1978లో జుడిత్ రాపోపోర్ట్ బృందం ఏ సమస్యా లేని అబ్బాయిలకు ఇదే కోవకు చెందిన డెక్స్‌ట్రోయాంఫెటమైన్ ఇస్తే వాళ్లలోనూ కదలిక తగ్గింది, ధ్యాస పెరిగింది. అందుకే రోగనిర్ధారణ విడిగా, పకడ్బందీగా జరగాలి. ఇక మొద్దుబారడమంటారా, బాబు ముభావంగా మారితే అది చాలాసార్లు మోతాదు ఎక్కువైన గుర్తు. డాక్టరుకు చెప్పి సవరించుకోవచ్చు. నా దృష్టిలో అంతకన్నా కనిపెట్టాల్సింది ఈ మందుతో తగ్గే అవకాశమున్న ఆకలి, నిద్ర. మధ్యాహ్నం డబ్బా తినకుండా తెస్తున్నాడేమో చూడండి. ఎత్తు, బరువు క్రమంతప్పకుండా రాయించండి.