పాత మోటారుకారు పోషణము

వస్తువు పాతబడినంతనే పారవేయక, బాగుచేయించుకొని కడవఱకు వాడుకొనుట మన ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న యాచారము. చిల్లిపడిన బిందెకు మాటు వేయింతుము; గొడుగునకు క్రొత్తగుడ్డ కుట్టింతుము; కుట్టుమిషనుకు నెలనెలా నూనె పెట్టుదుము. మోటారుకారు విషయమునను ఈ బుద్ధియే చెల్లును. విజయనగరము వీధులలోను, బొబ్బిలి, చీపురుపల్లి, శృంగవరపుకోట త్రోవలలోను పదునైదేండ్లు దాటిన కార్లు నేటికిని తిరుగుచున్నవి. వానిలో కొన్ని ఇంటి అవసరములకు నడచునవి. కొన్ని అద్దెబండ్లై ఇంటిల్లిపాదికి అన్నము పెట్టుచున్నవి. రాత్రివేళ రోగిని సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్టణమునకు తీసికొనిపోవలసి వచ్చినపుడు, ఆ బండి నడుమదారిలో నిలిచిపోవునా, ఆసుపత్రి గుమ్మము చేరునా యనునది ప్రాణముతో ముడిపడిన ప్రశ్న. కావున పాతబండి యేల చెడును, దాని నెట్లు కాపాడుకొనవలెను అను సంగతులను ఈ వ్యాసమున వివరింతుము.

ఎంత దూరమునకు ఎంత పని?

కారు మీటరు రెండు లక్షల కిలోమీటర్లు చూపుచున్నదనుకొందము. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గదా. అనగా ఆ బండి భూమిని ఐదుమారులు చుట్టివచ్చినంత నడచినది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఇంజను నిమిషమునకు 2,500 మారులు తిరుగుననుకొన్నచో, ఒక కిలోమీటరునకు 2,500 చుట్లు. రెండు లక్షల కిలోమీటర్లకు 50 కోట్ల చుట్లు. ఇన్నిమారులు ఇనుముపై ఇనుము కదలినను అరిగిపోక నిలుచుటకు కారణము వాని నడుమనుండు పలుచని చమురుపొర యొక్కటియే. బండి ఆయువు ఆ పొరమీద ఎంతగా ఆధారపడియున్నదో దీనిచే తెలియగలదు.

మన యెఱుకలోని పాతబండ్లలో రెండింటిని ముఖ్యముగా పేర్కొనవచ్చును. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు ఒకటి. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 రెండవది. ఈ రెండును 2014వ సంవత్సరముననే తయారగుట మానినవి. కనుక నేడు రోడ్డుపై కనబడు ప్రతి అంబాసిడరును, ప్రతి మారుతి 800యు పోషణచేతనే బ్రదుకుచున్నవి.

పోషణ యెంతదూరము తీసికొనిపోగలదో తెలుపుటకు అమెరికా దేశపు నిదర్శనము కలదు. న్యూయార్కు రాష్ట్రములోని లాంగ్ ఐలెండునకు చెందిన ఇర్వ్ గార్డన్ అను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు 1966లో వోల్వో పి 1800 అను కారును కొనెను. 2013 సెప్టెంబరు నాటికి అదే కారుమీద 30 లక్షల మైళ్లు, అనగా సుమారు 48 లక్షల కిలోమీటర్లు ప్రయాణము చేసి లోకప్రసిద్ధుడయ్యెను. 2018లో కాలధర్మము నొందెను. ఆయన పద్ధతియందు రహస్యమేమియు లేదు. బండితో వచ్చిన చేతిపుస్తకమును శ్రద్ధగా అనుసరించి, చేయవలసిన పనిని చేయవలసిన వేళకు చేయించుటయే ఆయన చేసినది.

ఇంజను ఆయిలు

ఇంజను ఆయిలు నాలుగు పనులు చేయును: రాపిడిని తగ్గించును; వేడిని కొంత తొలగించును; మసిని, లోహపు రజనును తనలో కలుపుకొని భాగములను శుభ్రపఱచును; తుప్పు పట్టనీయదు. వేడిచేతను, గాలిచేతను అది క్రమముగా చెడి, చిక్కని బురదవలె మారును. కావున చేతిపుస్తకము చెప్పిన దూరమునకు దానిని మార్పింపవలెను. ఇది సామాన్యముగా 5,000 మొదలు 10,000 కిలోమీటర్లు; బండి అంతగా తిరుగకున్నను సంవత్సరమున కొకమారు మార్పింపవలసినదే. ఆయిలుతోపాటు దాని ఫిల్టరును గూడ మార్పింపవలెను.

పాత ఇంజను కొంచెము ఆయిలు త్రాగుట సహజము. అందుచే వారమున కొకసారి, బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషముల తరువాత, కొలపుల్ల తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. మట్టము రెండు గీతల నడుమ నుండవలెను. ఈ పనికి మెకానిక్కు అక్కఱలేదు. ఇంటిలోని బాలురును, బాలికలును పెద్దల యెదుట చేయవచ్చును.

ఇంజనును చల్లార్చు నీరు

మన జిల్లాలో మే నెల యెండ యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఆ యెండలో ఇంజనులోని వేడిని రేడియేటరు వెలికి పంపవలెను. అనేకులు అందులో బోరునీరు పోయుదురు. బోరునీటిలోని లవణములు సన్నని గొట్టములలో సున్నపుపొరగా పేరుకొనును. ఉత్తనీటిచే లోపల తుప్పును పుట్టును. కూలెంటును డిస్టిల్డు వాటరుతో తగుపాళ్ల కలిపి పోయుటయే సరియైన విధము. కూలెంటు తుప్పును నివారించుటయే గాక, నీరు మరుగు ఉష్ణోగ్రతను గూడ హెచ్చించును.

వేడిముల్లు ఎఱ్ఱగీతను సమీపించినచో, "ఇంకొక ఐదు కిలోమీటర్లే గదా" యని నడుపరాదు. ఆ ఐదు కిలోమీటర్లలోనే సిలిండరు హెడ్డు వంగి, దాని గాస్కెట్టు కాలిపోవచ్చును. వందలతో పోవు ఖర్చు వేలకు చేరును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యను సామెత ఇచ్చట చక్కగా వర్తించును. బండి నాపి, ఇంజను పూర్తిగా చల్లారు వఱకు వేచియుండవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడితో పైకెగసి ముఖమును, చేతులను కాల్చును.

బ్రేకులు

తక్కిన లోపములు బండిని నిలిపివేయును. బ్రేకుల లోపము బండిని నిలువనీయదు. కావున దీనిని విస్తరించి వ్రాయుచున్నాము.

ద్రవము నొకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్నివైపులకు సమముగా వ్యాపించునని పాస్కలు నియమమున మీరు చదివియున్నారు. కాలితో పెడలును త్రొక్కినపుడు ఆ ఒత్తిడి బ్రేకు ఆయిలుద్వారా నాలుగు చక్రములకును చేరును. ద్రవము నొక్కినను కుంచింపదు గాన ఇది సాధ్యమగుచున్నది. అయితే బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. డాట్ 3 అను రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు మరుగకుండవలెనని ప్రమాణము. నూటికి మూడు నాలుగు పాళ్ల నీరు చేరినపుడు ఆ కనీసము 140 డిగ్రీలకు దిగిపోవును.

ఇప్పుడు శృంగవరపుకోటనుండి అనంతగిరి మీదుగా అరకునకు పోవు ఘాటురోడ్డును, సాలూరునుండి కొరాపుట్టు వైపునకు పోవు ఘాటురోడ్డును తలంచుకొనుడు. దిగునపుడు మలుపు మలుపునకు బ్రేకు త్రొక్కినచో చక్రములయొద్ద వేడి పెరిగి, తేమ చేరిన ఆయిలు మరిగి, ఆవిరిబుడగలు పుట్టును. ఆవిరి నొక్కినచో కుంచించును. అప్పుడు పెడలు నేలకు అంటుకొనును గాని బండి ఆగదు. ఎన్నో ఏండ్లుగా బ్రేకు ఆయిలు మార్పింపని పాతబండికి ఈ యాపద మఱింత సమీపము.

దీనికి నివారణోపాయములు రెండు. రెండేండ్ల కొకమారు బ్రేకు ఆయిలును పూర్తిగా మార్పించుట మొదటిది. ఘాటు దిగునపుడు, ఎక్కుటకు వాడిన గేరులోనే దిగుట రెండవది. అప్పుడు ఇంజనే బండిని పట్టి యుంచును. ఇంజను నాపి, న్యూట్రలులో దొర్లించి పెట్రోలు మిగుల్చుకొందుమనువారు కొన్ని రూపాయలకై ప్రాణములను పణము పెట్టుచున్నారు. ఒకప్పుడు మన జిల్లాలోనే యుండి 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరిన సాలూరు లారీలకు పేరుగన్న పట్టణము. బరువుతో ఘాటు దిగు లారీ యెంత నెమ్మదిగా, ఎంత తక్కువ గేరులో దిగునో అచ్చటి రోడ్డుప్రక్క నిలిచి చూచినను పాఠము నేర్చుకొనవచ్చును.

బ్రేకు వేసినపుడు కీచుమను ధ్వని, బండి ఒకప్రక్కకు లాగుట, పెడలు మునుపటికంటె లోతుకు పోవుట, డబ్బాలోని ఆయిలు తగ్గుట: వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆనాడే చూపింపవలెను.

టైర్లు, బెల్టులు, గొట్టములు

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో దానిని వాడరాదు. గాడి మిగిలియున్నను రబ్బరు వయస్సుచేత బీటలు వాఱును. టైరు ప్రక్కగోడమీద నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. పాతటైరును క్రొత్తదని అమ్మువారినుండి ఈ యంకెలు మిమ్ము కాపాడగలవు.

కొన్ని ఇంజనులలో టైమింగు బెల్టు రబ్బరుది. అది తెగినచో పెక్కు ఇంజనులలో పిస్టన్లు వాల్వులను కొట్టి, ఇంజనే పాడగును. చేతిపుస్తకము చెప్పిన గడువునకు, అది చూచుటకు బాగుగానే యున్నను, మార్పించుట మేలు. ఇంధనపు గొట్టములను గూడ కనిపెట్టియుండవలెను. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పూర్వపు బండ్ల రబ్బరు భాగములు కొన్ని దీనికై తయారైనవి కావు. గొట్టము మెత్తబడినను, ఉబ్బినను, పెట్రోలు వాసన వచ్చినను ఆలస్యము చేయరాదు. ఆ వాసన అగ్నిప్రమాదమునకు ముందు వచ్చు హెచ్చరిక.

సముద్రపుగాలి, తుపాను నీరు

మనది తీరప్రాంతము. భీమునిపట్నము, చింతపల్లి తీరములకు విహారమునకై పోయి వచ్చిన బండికి ఉప్పుతేమ అంటును. ఇనుము, నీరు, గాలి చేరినచోట తుప్పు పుట్టును. ఉప్పు దానిని త్వరపెట్టును. తిరిగివచ్చిన మఱునాడే బండి అడుగుభాగమును మంచినీటితో కడిగింపవలెను. తలుపుల క్రిందియంచున నీరు కాఱుటకు చిన్న రంధ్రములుండును. మట్టిచే పూడిపోయిన యెడల పుల్లతో తెఱవవలెను. రంగు లేచినచోట వెంటనే రంగు పూయింపవలెను.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు మన ఉత్తరతీరమును ఎట్లు కలచివేసినవో పెద్దలకు జ్ఞాపకమే. అట్టి వేళ ఇంజనులోనికి నీరు చేరిన బండిని స్టార్టు చేయరాదు. ముందు చెప్పినట్లు ద్రవము కుంచింపదు. పిస్టను పైకి లేచి నీటిని తాకినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును. స్టార్టు చేయక మెకానిక్కు షెడ్డునకు లాగించినచో పెక్కుసారులు ఇంజను దక్కును.

పొగ చెప్పు మాట

వైద్యుడు నాడి చూచినట్లు పొగగొట్టమును చూడవలెను. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని తెలుపును. నల్లపొగ ఇంధనము మితిమీఱి పోవుచున్నదనియో, గాలి ఫిల్టరు పూడినదనియో సూచించును. ఇంజను వేడెక్కిన తరువాతను దట్టముగా తెల్లపొగ వచ్చినచో కూలెంటు సిలిండరులోనికి జాఱుచున్నదని యనుమానింపవలెను. శీతకాలపు ప్రొద్దున కొంచెముసేపు తెల్లని యావిరి కనబడుట మాత్రము సహజము.

ఒక నోటుపుస్తకము

పై పనులన్నియు జ్ఞాపకముమీద వదలినచో జరుగవు. ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీసికొనవలెను: తేదీ, మీటరు అంకె, చేయించిన పని, ఖర్చు. పెట్రోలు పోయించిన ప్రతిసారియు లీటర్లను వ్రాసిన యెడల లీటరునకు ఎన్ని కిలోమీటర్లు నడచుచున్నదో లెక్క తేలును. ఆ లెక్క హఠాత్తుగా తగ్గినచో ఎచ్చటనో దోషమున్నది. అద్దెబండి నడుపుకొను కుటుంబమునకు ఈ పుస్తకము బ్యాంకు పుస్తకమంత విలువైనది.

ఎప్పుడు విడువవలెను?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును; తరువాత బండిని పరీక్ష చేయించి, ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. అయితే చట్టము అనుమతించినను బుద్ధి అనుమతింపని సందర్భములు కలవు. ఇంజను అరిగినచో బాగుచేయవచ్చును. గేర్లు పోయినచో మార్పవచ్చును. బండి బరువును మోయు అడుగుచట్రమే తుప్పుపట్టి తినివేయబడినచో, ప్రమాదసమయమున అది లోపలివారిని కాపాడజాలదు. అట్టి బండిపై ఎంత మమకారమున్నను విడువవలసినదే. కుటుంబమును మోయుటకు గదా బండి. బండికై కుటుంబమును ఒడ్డరాదు.

బాలబాలికలారా! మీ యింట కారు లేకున్నను మోటారుసైకిలో, పొలమునకు నీరుతోడు ఇంజనో ఉండవచ్చును. చమురు, నీరు, గాలి, శుభ్రత అను నియమములు వానికిని చెల్లును. ఈ సెలవులలో పెద్దల యనుమతితో ఆ యంత్రపు చేతిపుస్తకమును చదివి, పైని చెప్పిన నాలుగు గడుల నోటుపుస్తకమును ప్రారంభింపుడు. మొదటి పుటలో నేటి తేదీయు, మీటరు అంకెయు వ్రాయుడు.