అక్షరానికి తగిన గడి: కంప్యూటరు తెరపై పాఠ్యపేటికల పరిమాణ నిర్ణయం

కాగితం మీద అచ్చువేసిన దరఖాస్తు ఫారంలో పేరుకు కేటాయించిన చోటు చాలకపోతే విద్యార్థి అక్షరాలను చిన్నవి చేసుకొని వ్రాస్తాడు, లేదా గీత దాటి అంచులోనికి పోతాడు. కాగితం అందుకు అభ్యంతరం చెప్పదు. కంప్యూటరు తెరపై ఉండే గడికి ఇట్టి ఔదార్యం లేదు. గడి వెడల్పు చాలనప్పుడు అక్షరాలు ప్రక్కకు జరిగి దాగుకొంటాయి. ఎత్తు చాలనప్పుడు వాటి పైభాగమో క్రిందిభాగమో తెగిపోతుంది. ప్రక్కకు జరిగినవాటిని బాణపు గుర్తు మీటతో మరల చూడవచ్చును. క్రింద తెగినవాటిని చూచే మార్గమే లేదు. తెలుగులో క్రింద తెగేది సాధారణంగా వత్తు. "పద్మ" అని టైపు చేసిన గుమాస్తాకు తెరపై "పద" అని కనబడుతుంది. "అమ్మ" "అమ" అవుతుంది. "అల్లా" అన్న పవిత్రనామం "అలా" అనే మామూలు మాటగా మారుతుంది. యంత్రపు జ్ఞాపకంలో పదం సరిగానే ఉన్నది. కాని చూచేవాడు తానే తప్పు కొట్టినాననుకొని దిద్దుతాడు. ఆ దిద్దుబాటే అసలైన తప్పై రికార్డుకు, అక్కడినుండి సర్టిఫికెట్టుకు ఎక్కుతుంది.

కావున గడి పరిమాణమన్నది కేవలం అలంకారానికి సంబంధించిన విషయం కాదు. కంప్యూటరు విద్యార్థులు దీనిని ఒక చిన్న సాంకేతికాంశంగా చదివి దాటిపోతారు. భాషా విద్యార్థులు అసలు తమది కాదనుకొంటారు. ఇరువురికీ సంబంధించినది కావుననే దీనిని ఇక్కడ కొంత వివరంగా పరిశీలిస్తున్నాను. ఉదాహరణకు జావా భాషలోని స్వింగ్ అనే ఉపకరణ సముదాయాన్ని తీసుకొంటాను. 1996లో జావాతోపాటు ఏ.డబ్ల్యు.టి. అనే మొదటి సముదాయం వచ్చినది. 1998 డిసెంబరులో వెలువడిన 1.2 కూర్పులో స్వింగ్ చేరినది. కళాశాలలలో ఇప్పటికీ దీనిని నేర్పుతారు. పైగా గడుల కొలతను ఇది ఏ సూత్రంతో నిర్ణయిస్తుందో దాచకుండా చెబుతుంది.

క్రొత్తగా ప్రోగ్రాము వ్రాసేవాడు మొదట చేసే పని గడికి కొలతను చుక్కలలో చెప్పడం. తెరపై కనబడే ప్రతి బొమ్మ పిక్సెల్ అనే సూక్ష్మమైన చుక్కల కూర్పే కదా, రెండు వందల చుక్కల వెడల్పు, ఇరవై రెండు చుక్కల ఎత్తు అని నిర్ణయిస్తే సరిపోతుందని అతని ఊహ. అతని తెరపై అది సరిపోతుంది కూడా. కాని అక్షరపు కొలతకు ప్రమాణం పాయింటు. అంగుళానికి 72 పాయింట్లు. అంగుళానికి 96 చుక్కలున్న తెరపై 12 పాయింట్ల అక్షరం 16 చుక్కలు తీసుకొంటుంది. అదే అక్షరానికి 144 చుక్కల తెరపై 24 చుక్కలు కావాలి. ఇరవై రెండు చుక్కల గడి మొదటి తెరపై వదులుగా ఉండి, రెండవ తెరపై అక్షరాన్ని కోసివేస్తుంది. తెర మారకపోయినా ఫాంటు మారవచ్చును. దృష్టి మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చును. "పేరు" అన్న చిన్న మాట ఉన్నచోటనే "పుట్టిన తేదీ" అనీ, ఉర్దూలో "తారీఖె పైదాయిష్" అనీ వ్రాయవలసి రావచ్చును. సంఖ్య ఒక్కటే, అవసరాలు అనేకం.

ఈ చిక్కును తప్పించడానికి స్వింగ్‌లో ప్రతి ఉపకరణమూ తన అవసరాన్ని తానే చెప్పుకొనే ఏర్పాటు చేసినారు. కనిష్ఠ పరిమాణం, అభిమత పరిమాణం, గరిష్ఠ పరిమాణం అని అది మూడు కొలతలు చెబుతుంది. ఆ కోరికలను విని, ఉన్న చోటును పంచేది లేఅవుట్ మేనేజరు. విందులో దస్తర్‌ఖాన్ పరచి అతిథులను కూర్చోబెట్టే పెద్దమనిషి వంటిదన్నమాట. అయితే పెద్దమనుషులందరి స్వభావమూ ఒకటి కానట్లే మేనేజర్ల స్వభావమూ ఒకటి కాదు.

ఫ్లో లేఅవుట్ అందరి అభిమతాన్నీ మన్నిస్తుంది. గ్రిడ్ లేఅవుట్ ఎవరి అభిమతాన్నీ వినక అందరికీ సమానంగా పంచుతుంది. బోర్డర్ లేఅవుట్ పైనా క్రిందా ఉన్నవారికి ఎత్తు విషయంలో, ప్రక్కలనున్నవారికి వెడల్పు విషయంలో మాత్రం కోరిక చెల్లించి, మిగిలినదంతా నడుమనున్నవారికి ఇచ్చివేస్తుంది. విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేవి తక్కిన రెండు. బాక్స్ లేఅవుట్ గరిష్ఠ పరిమాణాన్ని చూచి పంచుతుంది. ఒక్క పంక్తి వ్రాసుకొనే జె-టెక్స్ట్‌ఫీల్డ్ తన గరిష్ఠ పరిమాణానికి హద్దు చెప్పదు గనుక, కిటికీని పెద్దది చేసినప్పుడు ఆ ఒంటి పంక్తి గడి బావిలాగా నిలువునా సాగుతుంది. గరిష్ఠమైన ఎత్తును అభిమతమైన ఎత్తుకు సమానం చేయడమే దీనికి మందు. గ్రిడ్‌బ్యాగ్ లేఅవుట్‌ది మరొక వింత స్వభావం. అందరి అభిమతానికీ చాలినంత చోటు లేనప్పుడు అది కొంచెం కొంచెంగా తగ్గించదు. లెక్కను ఒక్కసారిగా కనిష్ఠ పరిమాణానికి దింపుతుంది. అంతవరకు నిండుగా ఉన్న పేరు గడి కిటికీని వేలెడంత తగ్గించేసరికి చీలికలాగా మిగిలిపోవడానికి కారణమిదే. ఆ గడికి అడ్డు దిశలో కొంత బరువు నిర్ణయించి, అడ్డంగా నిండమని చెప్పినప్పుడు ఆ ఉపద్రవం తొలగుతుంది. ఎవరి మాటా వినని మేనేజరు ఉన్నచోట సెట్‌సైజ్ అంటూ గడికి కొలతను ఆజ్ఞాపించడం వృథా. మరునిమిషంలో మేనేజరు దానిని మార్చివేస్తుంది.

ఇక అసలు ప్రశ్న: గడి తన అభిమత పరిమాణాన్ని ఎట్లు తెలుసుకొంటుంది? జె-టెక్స్ట్‌ఫీల్డ్‌ను నిర్మించేటప్పుడు మనం చుక్కలు చెప్పనక్కరలేదు. ఇరవై కాలములు అని చెబితే చాలును. కాలము వెడల్పు అనగా ఆ ఫాంటులో రోమను లిపిలోని చిన్న "ఎమ్" అక్షరపు వెడల్పు. దానిని ఇరవైతో హెచ్చించి, అంచుల మందం కలిపితే గడి వెడల్పు వస్తుంది. ఫాంటు పెరిగితే గడి పెరుగుతుంది. కాలములు చెప్పకుండా వదిలివేస్తే గడి తనలోని పాఠాన్నే కొలుచుకొంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు సన్నగా ఉండి, నింపినకొద్దీ వెడల్పు కావాలంటుంది. అనేక పంక్తులు పట్టే జె-టెక్స్ట్ఏరియాకు కాలములతోపాటు వరుసలు కూడా చెప్పవలెను. వరుస ఎత్తు అనగా ఫాంటు ఎత్తు. ఆధారరేఖకు పైభాగం, క్రిందిభాగం, పంక్తుల నడుమ వదిలే ఎడం, ఈ మూటి మొత్తం. ఇక్కడొక సూక్ష్మమున్నది. జె-టెక్స్ట్ఏరియాకు చెప్పిన వరుసలు దాని కనీసపు కోరిక మాత్రమే. పాఠం పెరిగితే కోరిక కూడా పెరుగుతుంది. అందుచేత దానిని స్క్రోల్‌పేన్ అనే చట్రంలో ఉంచవలెను. అప్పుడు బయటికి కనబడే భాగం మనం చెప్పిన వరుసలకే కట్టుబడి ఉంటుంది, లోపలి పాఠం ఎంత పెరిగినా జరుపుకొని చదువుకోవచ్చును. పంక్తి చివర మాట విరగకుండా మడత పడే ఏర్పాటును కూడా మనమే కోరవలెను. అడగనిదే అది జరగదు.

ఏర్పాటు చక్కనిదే. కాని కొలబద్ద ఎవరిది? రోమను "ఎమ్" అక్షరానిది. ఆంగ్లపు చిన్న అక్షరాలలో అదే విశాలమైనది, కావున ఇరవై కాలములలో ఇరవైకి మించిన ఆంగ్లాక్షరాలు సుఖంగా పడతాయి. తెలుగుకు వచ్చేసరికి ఈ లెక్క రెండు విధాల తప్పుతుంది. మొదటిది, ఝ, ఘ, ణ వంటి మన అక్షరాలు సహజంగానే విశాలమైనవి. రెండవది, యంత్రం లెక్కించే అక్షరాలు వేరు, మనం చదివే అక్షరాలు వేరు. 1991 నాటి మొదటి కూర్పునుండే యూనికోడ్‌లో తెలుగుకు స్థానమున్నది. ఆ పద్ధతిలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, దేనికది ఒక సంకేతం. "కమల"లో మూడు సంకేతాలు, మూడక్షరాలు. "స్త్రీ"లో ఆరు సంకేతాలు, ఒక్కటే అక్షరం. మూడు సంకేతాల మాట తెరపై ఆరు సంకేతాల మాటకంటె ఎక్కువ చోటు తీసుకొంటుంది. "కృష్ణమూర్తి"లో పదకొండు సంకేతాలున్నవి, చదివే అక్షరాలు నాలుగు. కావున పేరు ఇరవై సంకేతాలకు మించరాదని హద్దు పెట్టేవాడు తెలుగు పేర్లకు అన్యాయం చేసినవాడవుతాడు. ఇరవై సంకేతాలకు ఇరవై కాలములు చాలునని గడి కట్టేవాడు ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ ఇచ్చినవాడవుతాడు.

ఎత్తు సంగతి మరింత కఠినం. "లక్ష్మి" అన్న మాటను చూడండి. పైన గుడి, అడుగున వత్తు, ఆ వత్తు క్రింద మరొక వత్తు. ఒక్క అక్షరానికి మూడంతస్తులు. తెలుగు కోసం చేసిన ఫాంటులో ఈ అంతస్తులన్నీ ఎత్తు లెక్కలో చేరి ఉంటాయి. అయితే ప్రోగ్రాములో పేర్కొన్న ఫాంటులో తెలుగు లేకపోతే యంత్రం మరొక ఫాంటునుండి అక్షరాలను అరువు తెచ్చుకొంటుంది. అప్పుడు ఎత్తు కట్టినది రోమను ఫాంటుతో, గీసినది తెలుగు ఫాంటుతో కావచ్చును. ప్రారంభంలో చెప్పిన "పద్మ" "పద" కావడానికి దారి ఇక్కడ ఏర్పడుతుంది. తెలుగు గడికి తెలుగు ఫాంటునే పేరుపెట్టి నియమించడం ఈ దారిని మూయడానికి అన్నిటికంటె సులభమైన మార్గం.

ఉర్దూ విద్యార్థులు ఈపాటికి చిరునవ్వు నవ్వుకొంటూ ఉంటారు, ఎందుకనగా నస్తాలీఖ్ లిపి ముందు మా తెలుగు వత్తులు ఏపాటివి! ఆ లిపిలో మాట సమతలంగా సాగదు. కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి వాలుగా దిగుతుంది. కలిసిన అక్షరాలు ఎక్కువైనకొద్దీ మొదటి అక్షరం మరింత పైకెక్కుతుంది. అనగా ఇక్కడ మాట పొడవు పెరిగితే ఎత్తు కూడా పెరుగుతుంది. రోమను లిపిని మాత్రమే చూచి గడులు కట్టినవాని ఊహకు ఇది అందదు. క్రిందిభాగం తెగితే కలిగే హాని తక్కువది కాదు. "బే" అక్షరానికి అడుగున ఒక చుక్క, "పే" అక్షరానికి మూడు చుక్కలు. ఆ చుక్కలు కనబడకపోతే రెండిటికీ భేదమే లేదు.

ఈ లిపిని వ్రాసే కాతిబులకు కొలత పెట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. పదవ శతాబ్దంలో బాగ్దాదులో వజీరుగా ఉన్న ఇబ్న్ ముఖ్లా, కలపు మొన కాగితంపై వేసే చుక్కనే ప్రమాణంగా తీసుకొని అక్షరాల నిష్పత్తులను స్థిరపరచినాడు. నస్తాలీఖ్‌లోనూ అక్షరం పొడవును అంగుళాలలో చెప్పరు. ఇన్ని చుక్కలని చెబుతారు. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతోపాటు అక్షరమూ మారుతుంది, నిష్పత్తి మాత్రం మారదు. స్వింగ్‌లో కాలములు, వరుసలు చెప్పే పద్ధతి దీనికి భిన్నమైనది కాదని నా అభిప్రాయం. పంక్తుల ఎడం కోసం కాతిబులు వాడిన మిస్తర్ కూడా ఇట్టిదే. దారాలు బిగించిన అట్టపై కాగితాన్ని ఒత్తి, పడిన గీతల వెంబడి వ్రాసేవారు. లిపికి తగినట్లు దారాలను ముందే బిగించుకొనేవారు. యంత్రానికి ఈ లిపి లొంగడానికి చాలాకాలం పట్టినది. 1981లో అహ్మద్ మీర్జా జమీల్ నూరీ నస్తాలీఖ్ వెలువడేవరకు ఉర్దూ పత్రికలకు కాతిబుల చేతివ్రాతే ఆధారం. 1994లో మన దేశంలో తయారైన ఇన్‌పేజ్ తరువాతనే అది సామాన్యుల కంప్యూటర్లకు చేరినది.

ఉర్దూ గడికి ఎత్తుతోపాటు దిశను కూడా చెప్పవలెను. స్వింగ్‌లో కిటికీ మొత్తానికి కుడినుండి ఎడమకు అనే దిశను ఒక్కసారి నిర్ణయిస్తే, "నామ్" అన్న మాట కుడివైపుకు, గడి దాని ఎడమకు సర్దుకొంటాయి. అయితే ప్రోగ్రాము వ్రాసేవాడు తూర్పు, పడమర అని కాక పంక్తి మొదలు, పంక్తి చివర అని చెప్పి ఉండవలెను. తూర్పు ఎప్పుడూ తూర్పే. పంక్తి మొదలు మాత్రం భాషనుబట్టి మారుతుంది.

2017లో తెలంగాణలో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా వచ్చినది, 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ హోదా ఇచ్చినది. ఒకే ఫారంలో మూడు లిపులను చూపవలసిన ప్రోగ్రాములు మన విద్యార్థుల చేతికి వస్తాయి. అట్టివారు ఈ క్రమాన్ని పాటించవచ్చును. ఒక్కొక్క లిపికి ఒక్కొక్క ఫాంటును నియమించవలెను. ఆ లిపిలో నిజంగా ఎదురయ్యే పొడవైన పేరును నమూనాగా తీసుకొని, దాని వెడల్పును ఫాంట్‌మెట్రిక్స్ అనే సాధనంతో కొలిపించి, ఆ కొలతకు సరిపడే కాలములను గడికి ఇవ్వవలెను. "సయ్యద్ గౌస్ మొహియుద్దీన్ ఖాద్రీ", "వేంకటలక్ష్మీనరసమ్మ" వంటి పేర్లు ఇందుకు బాగా పనికివస్తాయి; "రాము", "అలీ" పనికిరావు. మూడు లిపుల గడులు ఒకే వరుసలో ఉంటే ఎత్తులన్నిటినీ సమానం చేయక, ఆధారరేఖలను కలిపి నిలబెట్టవలెను. గ్రిడ్‌బ్యాగ్‌లో ఈ సౌకర్యం 2006లో వచ్చిన ఆరవ కూర్పునుండి ఉన్నది. నస్తాలీఖ్‌కు ఆధారరేఖే వాలుగా ఉంటుంది గనుక అక్కడ మాత్రం కంటితో చూచి సర్దక తప్పదు. అన్నీ అమర్చిన పిమ్మట కిటికీకి కొలత చెప్పక, ప్యాక్ అన్న ఒక్క ఆజ్ఞ ఇస్తే లోపలివాటి అభిమతాలనుబట్టి అదే కుదురుకొంటుంది. తరువాత ఫాంటును ఒకటిన్నర రెట్లు పెంచి, కిటికీని సగానికి తగ్గించి, "పద్మ" అని టైపు చేసి చూడవలెను. వత్తు కనబడుతున్నదా లేదా అన్నది ప్రోగ్రాము వ్రాసినవాడు కాక, ఆ లిపిని చదువగలవాడు ప్రక్కన కూర్చొని చెప్పవలసిన మాట.