కర్మాగారంలో మతాచారం: వేషధారణ నియమానికి గీటురాయి ఏది?

భిలాయిలోని ఖుర్సీపార్ కార్మికుల పేట. 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ఫలితంగా అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెదుక్కుంటూ దేశం నలుమూలల నుండి ప్రజలు తరలివచ్చారు. వారిలో తెలుగువారు పెక్కుమంది ఖుర్సీపార్‌లో స్థిరపడ్డారు. 2000లో ఈ ప్రాంతం కొత్తగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో భాగమైంది.

భాషలూ మతాలూ వేరైనవారు ఒకే షిఫ్టులో పనిచేసే ఇటువంటి చోట ఒక ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. సిక్కుకు తలపాగా, కడియం, ముస్లింకు గడ్డం, వివాహితకు మంగళసూత్రం, గాజులు విశ్వాస చిహ్నాలు. అయ్యప్ప దీక్ష వహించిన తెలుగువాడు నలభై ఒక్క రోజులు నల్లని వస్త్రాలు ధరిస్తాడు, క్షౌరం మానుతాడు, పాదరక్షలు విడుస్తాడు. యాజమాన్యం విధించే దుస్తుల నియమం వీటికి అడ్డు వచ్చినప్పుడు ఏది నిలవాలి?

రెండు విధాల నియమాలు

నియమాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని చూపు కోసం ఏర్పడినవి, కొన్ని ప్రాణం కోసం ఏర్పడినవి. తలపాగాకు సంబంధించిన రెండు వివాదాలు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి.

1967లో ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ పట్టణంలో తర్సేమ్ సింగ్ సంధూ అనే బస్సు డ్రైవరు గడ్డంతో, తలపాగాతో విధులకు రాగా అధికారులు ఇంటికి పంపివేశారు. తలపాగా వల్ల బస్సు నడపడానికి ఆటంకమేమీ లేదు. అది యూనిఫారానికి భిన్నంగా ఉన్నదన్నదే అభ్యంతరం. రెండేళ్ల ఆందోళన అనంతరం 1969 ఏప్రిల్‌లో నిషేధం తొలగింది.

కెనడాలో కర్నైల్ సింగ్ భిందర్ రైల్వే ఎలక్ట్రీషియన్. హెల్మెట్ తప్పనిసరి అయినప్పుడు తలపాగా విడువనందున ఆయన ఉద్యోగం పోయింది. 1985లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమం పనికి నిజంగా అవసరమైనదేనని తీర్పునిచ్చింది. బ్రిటన్ మరొక దారి పట్టింది: 1989 నాటి చట్టం ద్వారా నిర్మాణ స్థలాలలో తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుండి మినహాయింపు ఇచ్చింది. మన దేశంలోనూ 1988 నాటి మోటారు వాహనాల చట్టం ద్విచక్ర వాహనంపై వెళ్లే సిక్కులకు ఇట్టి మినహాయింపునే కల్పించింది.

ప్రమాదం ఎవరికి?

హెల్మెట్ లేనివానికి కలిగే ముప్పు ప్రధానంగా అతనిదే. ఉక్కు కర్మాగారంలో అన్ని ప్రమాదాలూ అటువంటివి కావు. బ్లాస్ట్ ఫర్నేస్ నుండి వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. ముఖానికి బిగుతుగా అమరవలసిన శ్వాస పరికరం గడ్డంపై సరిగా అతకదు. ఆ సందు గుండా విషవాయువు లోనికి చొరబడుతుంది. కూలిన మనిషిని రక్షించబోయినవారు సైతం ఆపదలో పడతారు. అదే విధంగా తిరిగే యంత్రం వద్ద వేలాడే కండువా, విద్యుత్ తీగల వద్ద లోహపు కడియం, కాలుతున్న లోహం వద్ద వట్టి పాదాలు ప్రాణాంతకాలు కాగలవు. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించే కార్మికుడు బిగుతైన దుస్తులు ధరించాలనీ, వాటిని యాజమాన్యమే సమకూర్చాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించింది. బాధ్యత ఇరువైపులా ఉన్నదని దీని భావం.

రాజ్యాంగం చూపిన మార్గం

రాజ్యాంగం 25వ అధికరణం మత స్వాతంత్ర్యాన్ని ప్రసాదిస్తూనే దానిని ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబరచింది. కృపాణం ధరించడం సిక్కు మతావలంబనలో భాగమని అదే అధికరణం వివరించింది. ప్రభుత్వోద్యోగాలలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని 16వ అధికరణం శాసించింది. హక్కూ, హద్దూ ఒకేచోట ఉన్నాయి.

కావున నియమం చేసేవారు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ నియమం ఏ ప్రమాదాన్ని నివారిస్తుంది? ఆచారాన్ని భంగపరచకుండా ఆ పని సాధించే మరొక ఉపాయం ఉన్నదా? అన్ని మతాల వారికీ ఇది సమంగా వర్తిస్తున్నదా? గడ్డం ఉన్నవానికి తల మొత్తాన్ని కప్పి బయటి నుండి శుభ్రమైన గాలిని అందించే ముసుగు కొన్ని పనులలో సరిపోవచ్చు. దీక్షాపరునికి ఆ నలభై ఒక్క రోజులు వాయు ప్రాంతానికి దూరంగా వేరొక పని అప్పగించవచ్చు. నల్లచొక్కా కేవలం కంటికి నచ్చలేదంటే అది అభ్యంతరమే కాదు. కార్మికుడు సైతం ఒక సంగతి గుర్తించాలి: ఫర్నేస్ వద్ద బూట్లు తొడిగినంత మాత్రాన భక్తి తరగదు.

షిఫ్టు ముగిశాక హెల్మెట్లన్నీ ఒకే వరుసలో వేలాడుతాయి. వాటిని తీసిన తలలు గుడికీ, మసీదుకూ, గురుద్వారాకూ, చర్చికీ వేర్వేరు దారులలో సాగుతాయి. ఆ దారులన్నీ తెరచి ఉంచుతూ, ప్రతి కార్మికుణ్ణీ క్షేమంగా ఇల్లు చేర్చేదే న్యాయమైన నియమం.