ముఖం కనిపించే వెలుగు: ఫ్రెనెల్ దీపం, ఎల్.ఇ.డి. దీపం



గత వార్షికోత్సవంలో మనవాళ్ళు వేసిన నాటిక మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. సంభాషణలకు చప్పట్లు బాగానే పడ్డాయి. కాని ఒక విషయం మాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది. ఒకరోజు కూలి మానుకుని, బస్సెక్కి వచ్చిన ఒక తల్లి వెనుక వరుసలో కూర్చుని, "మావాడు యాడున్నాడు? అందరూ ఒకేమాదిరి అగపడతాండారు" అని పక్కవారిని అడిగింది. ఆమె కొడుకు అప్పుడు స్టేజీ మధ్యలోనే నిలబడి మాట్లాడుతున్నాడు.

ఆ రోజు స్టేజీకి కట్టినవి రెండు తెల్లని ఎల్.ఇ.డి. ఫ్లడ్‌లైట్లు. వెలుగుకు కొదవ లేదు. అయినా ముఖాలు బూడిద పూసినట్లున్నాయి. "పిల్లలు నల్లగా కనబడుతున్నారు, ఇంకాస్త పౌడరు వేయండి" అని ఎవరో అన్నారు. మేమూ వేశాం. ఇంకా పాడయ్యింది. తప్పు ముఖాలది కాదు, దీపాలది అని ఈ ఏడు కాస్త చదివి, ప్రయోగం చేసి చూసిన తరువాతనే మాకు తెలిసింది. ఆ తెలిసినది మీకూ చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా ఫ్రెనెల్ దీపం సంగతి. అగస్టీన్ ఫ్రెనెల్ (1788–1827) ఫ్రాన్సు దేశపు ఇంజనీరు, రోడ్లు వేయించే ఉద్యోగి. ఆయన పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు మధ్యలో 'ఎస్' వస్తుంది గాని దానిని పలకకూడదు. ఆ కాలంలో ఓడలకు దారి చూపే దీపస్తంభాల వెలుగు చాలినంత దూరం పోయేది కాదు. పెద్ద కుంభాకార కటకం పెడదామంటే గాజు మందమై, బరువెక్కి, లోపలికి వచ్చిన కాంతిలో కొంత అదే మింగేసేది. మనం వక్రీభవనం పాఠంలో చదువుకున్నదే ఇక్కడ కీలకం. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గర మాత్రమే, గాజు లోపల తిన్నగా పోతుంది. అలాంటప్పుడు లోపలి గాజు ఎందుకు? దానిని తీసేసి, ఉపరితలపు వంపును మాత్రం వలయాలు వలయాలుగా పలుచని గాజు మీద నిలిపితే సరిపోతుంది. ఇటువంటి ఆలోచన 1748లోనే బఫన్ అనే శాస్త్రవేత్తకు వచ్చింది. దీపస్తంభంలో పెట్టి వెలిగించి చూపినవాడు మాత్రం ఫ్రెనెల్. 1823లో జిరోండ్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న కోర్డువాన్ దీపస్తంభంలో ఆయన కటకం వెలిగింది. మరో నాలుగేళ్ళకే క్షయవ్యాధితో, 39 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

సముద్రం మీది కటకం నాటకశాలలోకి రావడానికి కారణం వేడి. స్టేజీ దీపంలో బల్బుకూ కటకానికీ మధ్య దూరం తక్కువ. మందపాటి గాజు అయితే ఆ వేడికి పగిలిపోతుంది. వలయాల కటకం పలుచన గనుక తట్టుకుంటుంది. దీని వెనుకవైపు సన్నని గుంటలు కూడా ఉంటాయి. అందువల్ల వెలుగు అంచు కత్తితో కోసినట్లు కాకుండా మెత్తగా పలుచబడుతుంది. ఒక దీపం వెలుగు ఎక్కడ ముగిసిందో, పక్కదాని వెలుగు ఎక్కడ మొదలయిందో చూసేవారికి తెలియదు. పాత్రధారి అటు నుంచి ఇటు నడిచినా అతని ముఖం ఉన్నట్టుండి చీకటిలో పడదు. పెట్టె లోపల బల్బు, దాని వెనుక దర్పణం కలిసి ముందుకు వెనక్కు జరుగుతాయి. కటకం దగ్గరకు జరిపితే వెలుగు విశాలమవుతుంది, నాభి వైపు వెనక్కు జరిపితే ఇరుకై తీక్షణమవుతుంది. ముందువైపు నాలుగు రేకు తలుపులుంటాయి. వాటిని మూసి, తెరిచి వెలుగును కావలసినచోటికే పరిమితం చేయవచ్చు. మన ఫ్లడ్‌లైటుకు ఇవేవీ లేవు. తెర, గోడ, మైకు స్టాండు, ముఖం అన్నింటినీ అది ఒకేలా వెలిగించింది. ఇక ముఖం వేరుగా ఎలా కనిపిస్తుంది?

పూర్వం వీధి భాగవతాల్లో పాత్ర ప్రవేశించగానే కాగడా పట్టినవాడు ముఖం దగ్గరకు వచ్చేవాడు, గుగ్గిలం పొడి చల్లి మంటను భగ్గుమనిపించేవాడు. ఏది చూపించాలో ఆయనకు బాగా తెలుసు.

ఇప్పుడు రంగు సంగతి. పాత ఫ్రెనెల్ దీపాల్లో ఉండేది హాలోజన్ బల్బు. దాని ఫిలమెంటు సుమారు 3200 కెల్విన్ వేడిలో వెలుగుతుంది. దాని కాంతిలో అన్ని రంగులూ తెగకుండా ఉంటాయి, ఎరుపు మరీ ఎక్కువ. లోపం ఏమిటంటే మనం ఇచ్చే కరెంటులో పదోవంతు కూడా వెలుగుగా మారదు, మిగిలినదంతా వేడే. దాని కింద నిలబడి డైలాగు చెప్పినవారిని అడగండి!

తెల్లని ఎల్.ఇ.డి. నిజానికి తెల్లనిది కాదు. లోపల ఉన్నది నీలి కాంతినిచ్చే అర్ధవాహకం. దాని మీద పసుపు కాంతినిచ్చే పదార్థం పూస్తారు. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. ఆ నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకే జపానులో పుట్టిన అకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కరెంటు ఆదా గొప్పగా ఉంటుంది. కాని చవకరకం దీపంలో ముదురు ఎరుపు చాలా తక్కువ. మన చర్మంలోని మెలనిన్ నీలి కాంతిని ఎక్కువగా పీల్చుకుని ఎరుపును ఎక్కువగా వెనక్కు పంపుతుంది. గోధుమ రంగు ముఖానికి జీవకళ ఇచ్చేది ఆ ఎరుపే. వచ్చే వెలుగులోనే ఎరుపు లేకపోతే ముఖం వెనక్కు పంపేదేముంది? బూడిద రంగే మిగులుతుంది. దాని మీద తెల్ల పౌడరు వేస్తే ఉన్న కాస్త రంగూ కప్పబడిపోతుంది. మేము చేసింది సరిగ్గా అదే.

దీపం డబ్బా మీద 'సి.ఆర్.ఐ. 80' అని రాసి ఉంటే సంతోషించకండి. అది ఎనిమిది లేతరంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును 'ఆర్ 9' అని విడిగా కొలుస్తారు, అది ఆ సగటులో కలవదు. ఎనిమిది సబ్జెక్టుల్లో మార్కులు చూపి తొమ్మిదో సబ్జెక్టు దాచినట్లన్నమాట.

అలాగని ఎల్.ఇ.డి.ని తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. నాటకానికి, స్టూడియోకు తయారైన ఎల్.ఇ.డి. ఫ్రెనెల్ దీపాలు వేరు. జర్మనీలోని ఆరి కంపెనీ 2011లో ఎల్7 అనే దీపాన్ని తెచ్చింది. దానిలో రంగులు మార్చుకోగల రకం సుమారు 220 వాట్లతో వెయ్యి వాట్ల హాలోజన్ ఫ్రెనెల్ చేసే పని చేస్తుంది. ఇందులో చిక్కు ఒకటుంది. ఫ్రెనెల్ కటకం సరిగా పనిచేయాలంటే వెలుగు పుట్టేచోటు చిన్నదిగా ఉండాలి. రంగురంగుల ఎల్.ఇ.డి.లను దూరదూరంగా పరిస్తే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క నీడ పడుతుంది. అందుకే వాటిని దగ్గరగా చేర్చి, కాంతిని కలిపి, ఆ తరువాతనే కటకానికి పంపుతారు. వేడి ముందుకు రాదు గాని వెనుక రేకులకు చేరుతుంది. అక్కడ గాలి ఆడకపోతే దీపం ఆయుష్షు తగ్గిపోతుంది. ఇవి ఖరీదైనవి, మనకు అందేవి కావు. యూరప్‌లో పాత దీపాలకు కాలం చెల్లేలా నియమాలు ప్రతిపాదించినప్పుడు 2018లో అక్కడి నాటకశాలల వారే వద్దని ఉద్యమించి స్టేజీ దీపాలకు మినహాయింపు తెచ్చుకున్నారు. డబ్బున్నవారికే కష్టమైతే మన మాటేమిటి?

ఈసారి మేము అద్దె దుకాణంలో మూల పడి ఉన్న రెండు పాత వెయ్యి వాట్ల ఫ్రెనెల్ దీపాలు తెచ్చాం. లెక్క చూడండి: 1000ని 230తో భాగిస్తే ఒక్కొక్కటి సుమారు 4.3 ఆంపియర్లు. రెండూ కలిపి 8.7. ఐదు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. వార్డెన్ సార్‌ను అడిగి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రెండు వేరువేరు లైన్లు లాగించాం. స్టేజీకి ముందు, కుడి ఎడమల నుంచి 45 డిగ్రీల కోణంలో ఎత్తుగా కట్టాం. ఇది అమెరికాలో మెక్‌కాండ్లెస్ 1932లో పుస్తకంగా రాసిన పద్ధతి. ఫ్లడ్‌లైట్లను వదలలేదు, తెర మీదకు తిప్పాం. హాలోజన్ బల్బును వేళ్ళతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటినచోట గాజు వేడికి దెబ్బతింటుంది. శుభ్రమైన గుడ్డతోనే పట్టుకోవాలి.

రిహార్సల్ రోజు రాత్రి పౌడరు లేకుండా అందరినీ వరుసగా నిలబెట్టి, మేము ఆవరణలో చివరి వేపచెట్టు దాకా వెనక్కు నడిచి చూశాం. అక్కడి నుంచి కూడా ఎవరు ఎవరో పేరు పెట్టి చెప్పగలిగాం. పొడుగ్గా ఉన్నవాడి నీడ మాత్రం పక్కవాడి ముఖం మీద పడుతోంది. ఎడమ దీపాన్ని ఇంకో రెండడుగులు పైకి కట్టాలి, నిచ్చెన దొరకలేదు.